పాడే గొంతు, కనిపించే ముఖం ఒకరివే కావాలి

(రంగస్థలం, సినిమా: పాఠకుల ప్రశ్నలకు కడప నుంచి ఒక పద్య నాటక నటి జవాబులు)

పోయిన సంచికలో ఒక ప్రశ్నకు బదులిస్తూ, 'సత్య హరిశ్చంద్ర నాటకం పద్యాలన్నిటితో మళ్ళీ సినిమాగా వస్తే చూడాలని ఉంది' అని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం మీదే ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, అమెరికాలో ఇరవై ఏళ్ళకు పైగా ఆడుతున్న 'వికెడ్' అనే సంగీత నాటకాన్ని రెండు భాగాల సినిమాగా తీశారు. అది చూసినప్పటి నుంచి మా తాత పాడే పద్య నాటకాలు గుర్తొస్తున్నాయి. అవి కూడా అలా వస్తాయని ఆశపడవచ్చా? (డిగ్రీ విద్యార్థి, అనంతపురం)

జవాబు: ఆశపడు నాయనా. మన టాకీ పుట్టిందే నాటకంలోంచి. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. దానికి ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం. ఆయన 1853లో పుట్టింది మీ ధర్మవరంలోనే. బళ్ళారిలో వకీలుగా ఉంటూ సరస వినోదినీ సభ పెట్టి, తెలుగు నాటకంలో పాత్రల చేత పద్యాలూ పాటలూ పాడించే బాట వేశారు. ఆ ప్రహ్లాద నాటకాన్ని ఊరూరా ఆడుతున్న సురభి నాటక సమాజం వాళ్ళనే బొంబాయికి రప్పించి కెమెరా ముందు నిలబెట్టారు. సురభి కమలాబాయి లీలావతి, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు. ఆ సురభి సమాజాల పుట్టుక మా కడప జిల్లా సొరుగు గ్రామంలో. రచన మీ వైపుది, ఆడినవాళ్ళ మూలం మా వైపుది. ఈ మాట చెప్పుకోవడానికి మనం మొహమాటపడనవసరం లేదు.

ఇందులో నేను పట్టుకుని వదలని విషయం ఒకటుంది. అప్పటికి నేపథ్య గానం రాలేదు. కెమెరా తిరుగుతుండగానే నటులు నోరు తెరిచి పాడాలి. పాడినవారి ముఖమే తెర మీద కనిపించేది. తరువాత వేరొకరు పాడితే వేరొకరు పెదవులు కదపడం అలవాటైంది. పాటకు అది సరిపోయింది, గొప్ప పాటలు కూడా వచ్చాయి. పద్యానికి మాత్రం ఆ ఏర్పాటులో ఏదో ఒకటి తక్కువవుతూనే ఉంటుంది.

ఎందుకో చెబుతాను. కాటి సీనులో చంద్రమతి లోహితాస్యుణ్ణి ఒడిలో పెట్టుకుని పద్యం ఎత్తుకుంటుంది. ఆ వేషం కట్టినన్నాళ్ళూ నేను గమనించింది ఇది: హార్మోనియం వాయించే ఆయన ఆ క్షణంలో నా ముఖం చూడరు, భుజం చూస్తారు. ఊపిరి తీసుకుంటే భుజం లేస్తుంది. అది లేచేసరికి ఆయన వేలు షడ్జం (ఆధార స్వరం 'స') మీద ఉంటుంది. ఏడుపు గొంతుకు అడ్డుపడి నేను ఒక అక్షరం మీద ఆగిపోతే ఆయన వేళ్ళు కూడా ఆగుతాయి. కాలు మాత్రం తిత్తి తొక్కుతూనే ఉంటుంది, స్వరం సన్నగా నిలబడే ఉంటుంది. నేను మళ్ళీ అందుకున్నప్పుడు ఆయన నా వెనకే వస్తారు. ఆ ఆగడం ఒక రాత్రి ఉన్నట్టు మరో రాత్రి ఉండదు. ముందే స్టూడియోలో పాడిపెట్టిన పద్యానికి మూడు నెలల తరువాత పెదవి కదిపే నటికి ఆ ఆగే హక్కు ఎక్కడిది? ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఏడవాలో అప్పటికే తేలిపోయి ఉంటుంది.

దీనికి దారి లేదని ఎవరైనా అంటే 2012లో వచ్చిన ఆంగ్ల చిత్రం 'లే మిజరబ్ల్' చూడమనండి. అదీ రంగస్థల సంగీత నాటకమే. నటులు సెట్టు మీదే పాడారు. చెవిలో పట్టీపట్టనంత చిన్న పరికరం, అందులో పియానో. ఆ పియానో కెమెరాకు కనిపించకుండా పక్కన అప్పటికప్పుడు వాయించేవారు. నటుడు ఆగితే పియానో ఆగేది, నటుడు తొందరపడితే అదీ తొందరపడేది. నిండు వాద్యబృందాన్ని తరువాత చేర్చారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. మన హార్మోనియం ఆయన తిరునాళ్ళలో రాత్రంతా కూర్చుని చేసే పని అదే కదా! నువ్వు చెప్పిన 'వికెడ్'లో కూడా ఇద్దరు ప్రధాన నటీమణులు సెట్టు మీద పాడారు. ఆ నాటకం 2003లో రంగస్థలానికి వచ్చింది, సినిమా 2024 నవంబరులో వచ్చింది. అభిమానులు అంతకాలం ఎదురుచూశారు. నాటకం మొదటి అంకం ఎక్కడ ముగుస్తుందో సినిమా మొదటి భాగం అక్కడే ముగిసింది, దానికే రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. నాటకాన్ని కుదించలేక రెండుగా విడగొట్టారు. మన హరిశ్చంద్రకు కూడా నేను అదే కోరుకుంటాను. వారణాసి సీను వరకు ఒక భాగం, కాటి సీను ఒక భాగం.

ప్రశ్న: హరిశ్చంద్రుడిగా పెద్ద హీరోను పెడితే జనం వస్తారు. రంగస్థల నటుణ్ణి పెడితే పద్యం నిలుస్తుంది. మీరు ఎటువైపు? (వస్త్ర వ్యాపారి, ఆదోని)

జవాబు: పద్యం వైపు. అయితే రంగస్థలం మీద గొప్పవారైనంత మాత్రాన తెర మీద నెగ్గుతారని నేను అనను. తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ గారి కంటే పెద్ద నటుణ్ణి మన సీమ ఇవ్వలేదు. ధర్మవరం వారికి మేనల్లుడు కూడా. 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో ఆయన దుర్యోధనుడు. అదే ఏడాది అదే కథతో 'ద్రౌపదీ వస్త్రాపహరణం' పోటీకి వచ్చింది, జనం దానివైపే వెళ్ళారు. మరోవైపు కన్నాంబ గారిని చూడండి. నాటకాల్లోంచి వచ్చి 1935 'హరిశ్చంద్ర'లో చంద్రమతిగా తెరకెక్కారు, ఆ తరువాత దశాబ్దాల పాటు వెనక్కి చూడలేదు. ఆ గొంతులోని నాటకపు బిగువు చివరిదాకా పోలేదు, కెమెరాకు ఎంత కావాలో అంతే వాడుకున్నారు.

రాఘవ గారి తరం, మా ముందు తరం మైకులు లేకుండా పాడారు. చివరి వరుసలో కంబళి కప్పుకుని కూర్చున్న రైతుకు కూడా అక్షరం వినపడాలి. అందుకే హెచ్చు శ్రుతి, అందుకే తారస్థాయిలో నిలబెట్టడం. అది గొంతు చేసుకున్న అలవాటు, పద్యానికి ఉన్న నియమం కాదు. కెమెరా రెండడుగుల దూరంలో ఉన్నప్పుడు కూడా అదే శ్రుతిలో అరిస్తే చూసేవాడు వెనక్కి జరుగుతాడు. హరిశ్చంద్రుడు కాటిలో ఒంటరిగా ఉన్నాడు, ఎవరికి వినిపించాలని? తనలో తాను అనుకుంటున్నట్టు, కింది స్థాయిలో ఆ పద్యం పాడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. రంగస్థలం మీద మాకు దొరకని అవకాశం అది. ఆ అవకాశాన్ని వాడుకోగల రంగస్థల నటుడు కావాలి. అటువంటి వాళ్ళు కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో ఈ రోజుకీ ఉన్నారు. వాళ్ళను పిలిచి చూసే ఓపిక తీసేవారికి ఉండాలి.

ఇక పెద్ద హీరో సంగతి. 'మై ఫెయిర్ లేడీ' అనే నాటకంలో 1956 నుంచి జూలీ ఆండ్రూస్ పాడి ఆడి పేరు తెచ్చారు. 1964లో సినిమా తీసినప్పుడు ఆమెను పక్కనపెట్టి ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకున్నారు, పాటలు చాలావరకు మార్నీ నిక్సన్ చేత పాడించారు. సినిమాకు ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి కానీ హెప్‌బర్న్‌కు నామినేషను కూడా రాలేదు. ఆ ఏడాది ఉత్తమ నటి ఆస్కారు వేరే సినిమాకు జూలీ ఆండ్రూస్‌కే వెళ్ళింది. హెప్‌బర్న్ నటన తక్కువని నేను అనడం లేదు. గొంతు ఒకరిది, ముఖం ఒకరిది అయినప్పుడు ఆ లోటు కొన్నిచోట్ల కనిపించే తీరుతుంది.

ప్రశ్న: అక్కా, మీ నాటకాల్లో ఒక్క పద్యానికి పది నిమిషాల రాగం తీస్తారు. ఇప్పటి పిల్లలు అంతసేపు కూర్చుంటారా? రాగాలు కోసేయక తప్పదు కదా! (గృహిణి, ప్రొద్దుటూరు)

జవాబు: అమ్మా, మీరు అడిగింది న్యాయం. ఈ ప్రశ్నను మా వాళ్ళు ఇష్టపడరు, నాకు మాత్రం అడగాల్సిన ప్రశ్నే అనిపిస్తుంది. రాగం పొడిగించడంలో రెండు రకాలున్నాయి. 'వన్స్ మోర్' కోసం పొడిగించేది ఒకటి. జనంలో ఒకరు లేచి నోటు పిన్నుతో చొక్కాకు గుచ్చుతారు, మైకులో వారి పేరు చదువుతారు, నటుడు మళ్ళీ చివరి పాదం ఎత్తుకుని ఇంకో రాగంలోకి మళ్ళిస్తాడు. అది ఆ రాత్రి ఆ ఊరితో నటుడికి ఉన్న సంబంధం. ఎంతో ప్రేమ ఉంది అందులో. సినిమాకు దాన్ని తేలేం, తేకూడదు.

రెండోది, మాట అయిపోయాక కూడా దుఃఖం అయిపోక సాగేది. వారణాసి వీధిలో భార్యను అమ్మకానికి నిలబెట్టిన మొగుడు పద్యం చివరి అక్షరం దగ్గర ఆగిపోతే ఎలా? ఆ తరువాత వచ్చే ఆలాపనలోనే అతను చెప్పుకోలేనిది ఉంది. దాన్ని కోసేస్తే మిగిలేది వృత్తాంతం మాత్రమే. ఘంటసాల గారు సినిమా కోసం పద్యాన్ని కుదించి పాడారు కానీ భావం ఎక్కడ ఊపిరి అడుగుతుందో అక్కడ రాగాన్ని వదలలేదు. ముందు మాట స్పష్టంగా, అర్థం చెవికి చేరేలా, ఆ తరువాతే రాగం. ఆ కొలత తెలిసిన సంగీత దర్శకుడు దొరికితే పద్యానికి ఒకటిన్నర, రెండు నిమిషాలు చాలు. కాటి సీనులో ఒక్క పద్యానికి మాత్రం నాలుగు నిమిషాలు ఇవ్వమని పట్టుబడతాను. మీ పిల్లలు కూర్చుంటారు, నా మాట నమ్మండి. రెండున్నర గంటల క్రికెట్టు కంటే అది బరువేమీ కాదు.

కాటి సీను అనగానే ఇంకో మాట. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన ఈ హరిశ్చంద్ర నాటకంలోకి గుర్రం జాషువా గారి శ్మశాన పద్యాలు వచ్చి కలిశాయి. నాటకం ఆడేవాళ్ళే తెచ్చి కలిపారు, జనం వాటిని తమవి చేసుకున్నారు. కొత్త సినిమాలో అవి ఉండి తీరాలి, జాషువా గారి పేరు తెర మీద విడిగా, పెద్ద అక్షరాలతో పడాలి. పద్యం అందరికీ తెలిసి, కవి పేరు సగం మందికి తెలియకపోవడం నన్ను చాలా బాధపెట్టే విషయం.

ప్రశ్న: సురభి వాళ్ళ మాయలు, మంటలు, గాలిలో ఎగరడాలు సినిమాలో పెడితే కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో ఇంకా బాగా వస్తాయి కదా! (ఉపాధ్యాయుడు, రాయచోటి)

జవాబు: మాస్టారూ, మీకు సురభి దగ్గరి ఊరే. 1885లో ఒక పెళ్ళిలో 'కీచక వధ' ఆడి మొదలుపెట్టిన కుటుంబాలు అవి. అంతకుముందు తోలుబొమ్మలాట వాళ్ళ వృత్తి. బొమ్మను తాడుతో ఆడించిన చేతులే తరువాత మనిషిని తీగతో లేపాయి. మగవాళ్ళు ఆడవేషాలు కట్టే కాలంలో ఆ ఇంటి ఆడవాళ్ళే రంగస్థలం ఎక్కారు. నావంటి వాళ్ళు వేదిక ఎక్కగలిగామంటే వాళ్ళ పుణ్యమే.

సురభి మాయలో అందం ఎక్కడుందంటే, బాణమూ బాణమూ గాలిలో ఢీకొన్నప్పుడు అవి మన కళ్ళ ముందు నిజంగా ఢీకొంటాయి. తీగ ఉందని పిల్లవాడికి కూడా తెలుసు, అయినా నోరు తెరుస్తాడు. గ్రాఫిక్స్‌లో ఏదైనా సాధ్యమే కాబట్టి ఆ ఆశ్చర్యం తగ్గుతుంది. 'లే మిజరబ్ల్' తీసిన దర్శకుడే 2019లో 'క్యాట్స్' అనే సంగీత నాటకాన్ని తీస్తూ నటులకు కంప్యూటరుతో పిల్లి బొచ్చు అతికించాడు. విడుదలయ్యాక కూడా గ్రాఫిక్స్ సరిచేసి థియేటర్లకు మళ్ళీ పంపవలసి వచ్చింది. పాడే మనిషి చర్మాన్ని దాచేస్తే ఇంక చూడటానికి ఏముంటుంది?

మన తాడిపత్రి ప్రాంతం నుంచి వెళ్ళిన కె.వి. రెడ్డి గారు 1957లో 'మాయాబజార్' తీశారు. మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో చేసిన ఆ మాయలు ఇప్పటికీ ఎందుకు తాజాగా ఉన్నాయంటే, వాటిలో సగం నాటకాల వాళ్ళ తెలివితేటల్లాంటివే. వస్తువు అక్కడ ఉంటుంది, చేసే చెయ్యి కనిపించదు. అదే కె.వి. రెడ్డి గారు 1965లో ఎన్.టి. రామారావు గారితో, ఎస్. వరలక్ష్మి గారితో 'సత్య హరిశ్చంద్ర' తీశారు. దానికి జనాదరణ ఆశించినంత రాలేదు. వరలక్ష్మి గారు తన పాటలు తానే పాడుకునే నటి. చంద్రమతికి అలాంటి మనిషి కావాలని ఆ దర్శకుడికి తెలుసు. ఆ సినిమా ఆడలేదు కాబట్టి హరిశ్చంద్ర కథ ఇక పనికిరాదనే వాళ్ళతో నేను ఏకీభవించను.

ప్రశ్న: 'చింతామణి'ని సినిమాగా తీయవచ్చా? (నంద్యాల)

జవాబు: 1956లో భానుమతి గారు, రామారావు గారు నటించగా వచ్చింది. నాటక ప్రదర్శనను 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఒక సామాజిక వర్గం చేసిన ఆక్షేపణ కారణం. కాళ్ళకూరి నారాయణరావు గారు రాసింది వేశ్యా వ్యామోహం మనిషిని ఎలా కూలదోస్తుందో చూపించే నాటకం. తరువాత నటులు జనాన్ని నవ్వించడానికి చేర్చిన మాటలే గొడవ తెచ్చాయి. ఆయన రాసిన పాఠం మట్టుకే తీసుకుని తీస్తే నేను మొదటి ఆటకు వెళతాను.

ప్రశ్న: సినిమా తీయాలంటే కోట్లు కావాలి. నాటకం ఆడుతుండగా నాలుగు కెమెరాలు పెట్టి తీస్తే చాలదా? (బ్యాంకు ఉద్యోగి, హిందూపురం)

జవాబు: చాలదు కానీ ముందు జరగాల్సింది అదే. 'హామిల్టన్' అనే నాటకాన్ని 2016లో రంగస్థలం మీద ఆడుతుండగా మూల నటులతోనే చిత్రీకరించి, 2020 జూలైలో ఇళ్ళకు చేర్చారు. టిక్కెట్టు కొనలేని లక్షల మంది అప్పుడే దాన్ని చూశారు. మన దగ్గర అనంతపురం లలితకళా పరిషత్తు ఉంది, కర్నూలులో టి.జి.వి. కళాక్షేత్రం ఉంది. మంచి వేదికలు. అక్కడ ఆడించి, ధ్వని బాగా పట్టి, దాచిపెట్టడానికి కోట్లు అవసరం లేదు.

చేసేవారికి మూడు మనవులు. ఒక్కొక్క అంకానికి ఒక్కొక్క హరిశ్చంద్రుడు వచ్చే మన పద్ధతిని అలాగే ఉంచండి, ఒకే పద్యం ఇద్దరి గొంతులో ఎలా మారుతుందో చూసేవారికి తెలుస్తుంది. హార్మోనియం, తబలా వాళ్ళ మీద ఒక కెమెరా పెట్టండి. జనం మీద మరొకటి పెట్టండి. తెల్లవారుజామున కాటి సీను జరుగుతుంటే, నిద్రపోతున్న మనవణ్ణి ఒళ్ళో వేసుకుని నటుడితో పాటు పద్యం పెదవులతో చెప్పుకునే ముసలమ్మలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళకు నాటకం మొత్తం నోటికి వచ్చు. ఈ తరం వాళ్ళు పోయాక ఆ దృశ్యం ఎవరు తీయగలరు?

ప్రశ్న: నక్షత్రకుడి పాత్రను తగ్గించాలని మా ఇంట్లో ఒక వాదం. సినిమాకు అంత హాస్యం అడ్డమని మా అన్నయ్య అంటాడు. మీ తీర్పు? (కళాశాల విద్యార్థిని, కర్నూలు)

జవాబు: తల్లీ, మీ అన్నయ్యకు చెప్పు, నక్షత్రకుణ్ణి తగ్గిస్తే హరిశ్చంద్రుడు తగ్గుతాడు. విశ్వామిత్రుడి అప్పు వసూలుకు వెంటపడి, కాళ్ళు నొప్పులంటూ, ఆకలంటూ, మోయమంటూ నడిచే దారంతా పీడించేవాడు అతను. ఆ పీడన జనం కళ్ళారా చూస్తేనే రాజు ఓర్పు ఎంతదో తెలుస్తుంది. పైగా అతను వట్టి హాస్యగాడు కాదు. దారి పొడుగునా తాను పెట్టిన బాధను తట్టుకున్న మనిషిని చూసి చివరికి అతని మనసు కూడా కరుగుతుంది, విడిపోయేటప్పుడు అతని గొంతు మారుతుంది. ఆ మార్పు మంచి నటుడి ముఖం మీద దగ్గరగా చూపిస్తే, మాట కూడా అక్కర్లేదు. నాకు అడిగే అధికారం ఉంటే హరిశ్చంద్రుడి కంటే ముందు నక్షత్రకుణ్ణి ఎంపిక చేయమంటాను. ఆ పాత్రకు పద్యం, నడక, నవ్వు మూడూ కావాలి, అలాంటివాడు దొరకడమే కష్టం. మీ వైపు పల్లెల్లో ఎవరైనా ఆ వేషం బాగా కడుతుంటే నాటకం ఏ తిరునాళ్ళకో, ఏ ఊళ్ళోనో రాసి పంపు. నేను వచ్చి చూస్తాను.